ఎంబీబీఆరా, ఎస్‌బీఆరా అన్నది తరవాత. ముందు మడ్డి ఎక్కడికి పోతుందో అడగండి

మీ 120 ఫ్లాట్ల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటుకు (దాన్నే ఎస్‌టీపీ అంటారు) ఎంబీబీఆర్ పద్ధతి పెట్టాలా, ఎస్‌బీఆర్ పెట్టాలా, ఎంబీఆర్ పెట్టాలా, ఏది పెట్టినా వాసన మాత్రం రాకూడదు అని అడిగారు. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల ఎస్‌టీపీలు నడిపించడమే నా ఉద్యోగం కనుక మొహమాటం లేకుండా చెబుతాను. మూడూ పనిచేస్తాయి. సరిగ్గా నడపకపోతే మూడూ కంపు కొడతాయి. ఎంబీబీఆర్‌లో ప్లాస్టిక్ బిళ్లల మీద సూక్ష్మజీవులు పొర కట్టి పెరుగుతాయి. ఎస్‌బీఆర్‌లో ఒకే ట్యాంకులో కాసేపు గాలి కొట్టి, కాసేపు తేరనిస్తారు. ఎంబీఆర్ నీరు అన్నిటికంటే తేటగా ఉంటుంది, కానీ నీటిని వడగట్టే పొరలు (మెంబ్రేన్లు) మార్చే ఖర్చు వచ్చిన ఏడాది కమిటీలో ఎవరూ నిలబడరు. ఈ మూడింటిలోనూ సూక్ష్మజీవులు బతకడానికి గాలి కొట్టాలి. గాలి అక్కర్లేని పద్ధతులూ ఉన్నాయి. అంబర్‌పేటలో మూసీ ఒడ్డున రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టిన ప్లాంటు అలాంటిదే, పైగా దాంట్లో బయోగ్యాస్ కూడా పుడుతుంది. అది మీ సెల్లార్‌లో పట్టదు, వదిలేద్దాం.

అసలు సంగతి మడ్డి. సూక్ష్మజీవులు మురుగు తిని పెరుగుతాయి. పెరిగినదంతా మడ్డే, ఇంగ్లీషులో స్లడ్జ్. దాన్ని ఎప్పటికప్పుడు తీసి, ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, బయటికి పంపాలి. తీయకపోతే పూడిక తీయని చెరువులా ట్యాంకు నిండుతుంది, శుద్ధి చేసి మళ్లీ ఫ్లష్‌కు పంపే నీళ్లలో ఆ మడ్డే కలిసి వస్తుంది. అప్పుడు అందరూ పద్ధతిని తిడతారు.

కొండాపూర్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఏం జరిగిందో చెబుతాను. మొదటి అంతస్తులో ఒకాయనకు ట్యాంకులోకి గాలి కొట్టే యంత్రం, అదే బ్లోయర్, చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. కోశాధికారికి కరెంటు బిల్లు చూస్తే నిద్ర పట్టేది కాదు. ఇద్దరూ కలిసి రాత్రి పదింటి నుంచి ఆరింటి దాకా బ్లోయర్ కట్టేయించారు. "రాత్రి అందరూ పడుకుంటారు కదండీ, గాలి ఎందుకు?" అని ఆయన వాదన. ట్యాంకులోని జీవులు పడుకోవని మా ఆపరేటర్ చెప్పబోతే అతని మాట వినేదెవరు? నన్ను పిలిచేసరికి లిఫ్టులో కూడా కుళ్లిన గుడ్ల కంపు. లీటరు గాజు జాడీతో ట్యాంకు నీళ్లు ముంచి అరగంట కదలకుండా పెట్టాను. బాగున్న ప్లాంటులో అయితే ముదురు గోధుమ రంగు మడ్డి 300 మిల్లీలీటర్ల గీత దగ్గరికి దిగి, పైన తేట నీరు నిలుస్తుంది, తడిమట్టి వాసన వస్తుంది. ఇక్కడ అడుగు నుంచి అంచు దాకా ఒకటే నలుపు.

ఈలోగా ఎవరో ఒక ఏజెంటును పిలిపించారు. ఇద్దరు మనుషులను దింపి పొద్దున్నకల్లా కడిగించేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. మురుగులోకి మనుషులను దింపి కడిగించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం. మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచమని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆ కుళ్లిన గుడ్ల కంపు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది, దాని మోతాదు పెరిగితే ముందు చచ్చేది ముక్కే, వాసన తగ్గిందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. అధ్యక్షుల వారికి ఇదంతా చెప్పి ఏజెంటును పంపించేశాను.

పాత మడ్డిని గొట్టంతో ట్యాంకర్‌లోకి లాగించాం. తరవాత, బాగా నడుస్తున్న వేరే ప్లాంటు నుంచి బతికున్న సూక్ష్మజీవులున్న మంచి స్లడ్జ్ ఒక ట్యాంకర్ తెప్పించాలన్నాను. "మురుగుకు కూడా డబ్బులిచ్చి కొనాలా అండీ?" అని కమిటీ అంతా నోరు తెరిచింది. ట్యాంకర్ వచ్చిన రోజు ఇంకా రసవత్తరం. ఎవరో బయటి మురుగు తెచ్చి మన ట్యాంకులో పోస్తున్నారని సీ బ్లాకు వాళ్లు గేటు వేసేశారు. గేటు దగ్గరే జాడీ తీసి, తేరే దాకా నిలబెట్టి చూపిస్తే గాని లోపలికి రానివ్వలేదు. బ్లోయర్ కింద రబ్బరు దిమ్మలు, చుట్టూ చప్పుడు ఆపే పెట్టె పెట్టించాం. వారం పది రోజుల్లో కంపు పోయింది. ఆ పెట్టె ముందే పెట్టించి ఉంటే అయిన ఖర్చులో పదో వంతు కూడా అయ్యేది కాదు.

ఇక ప్రెస్‌లో పిండాక మిగిలే మడ్డి ముద్ద, అదే కేకు. మంచి ఎరువే. అమెరికాలో మిల్వాకీ నగరం 1926 నుంచి తన మురుగు మడ్డిని వేడితో ఎండబెట్టి మిలోర్గనైట్ పేరుతో అమ్ముతోంది. కానీ పచ్చి కేకును కుండీల్లో కొత్తిమీరకు వేసే పెద్దమనుషులున్నారు, వారికో దండం. నులిపురుగుల గుడ్లు దాంట్లో నెలల తరబడి బతుకుతాయి. ఎండుటాకులతో కలిపి కుప్ప పోసి, లోపల 55 డిగ్రీల వేడి పుట్టి కొన్నాళ్లు నిలవాలి, తిరగేస్తూ ఉండాలి. ఆ తరవాత కూడా పూల మొక్కలకే వేయండి.

పనిలో పని, తుడుచుకునే తడి కాగితాలు (వెట్ వైప్స్) కమోడ్‌లో వేయకండి. పాకెట్ మీద "ఫ్లష్ చేయవచ్చు" అని రాసి ఉన్నా సరే, పంపులో చుట్టుకున్నప్పుడు రెంచి పట్టుకునేది అది రాసినవాడు కాదు. బాత్రూముల్లో సీసాలకు సీసాలు యాసిడ్ పోయడం కూడా ఆపండి. మీరు జీతాలివ్వకుండా పనిచేయించుకుంటున్న సూక్ష్మజీవులు దానికి చస్తాయి.

అన్నట్టు, ఆపరేటర్‌కు వాచ్‌మన్ కంటే తక్కువ ఇచ్చి, పగలు తోటపని కూడా చేయించే చోట నేను కాంట్రాక్టు తీసుకోను.

మీకు వచ్చిన కొటేషన్లలో స్లడ్జ్ ట్యాంకు, ఫిల్టర్ ప్రెస్ సైజులు రాసిన పేజీ ఫోటో పెట్టండి, చూసి చెబుతాను. చాలావాటిలో ఆ పేజీయే ఉండదు.