మీరు చేసింది మీరే చెప్పాలి

ప్రశ్న: నా వయసు 42. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో పదిహేనేళ్ల అనుభవం ఉంది. మధ్యలో మా అత్తగారికి పక్షవాతం వస్తే రెండేళ్లు ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉన్నాను. రెండు వారాల్లో మరో కంపెనీలో సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూ ఉంది. ఆ మధ్య ఇలాంటి ఇంటర్వ్యూకే వెళ్తే ‘ఇందులో మీరు చేసిందేంటి?’ అని అడిగారు. నోట మాట రాలేదు. మా టీమ్ రెండు ప్రాజెక్టులు బాగా చేసింది. మూడోది మాత్రం నా వల్ల మూడు వారాలు ఆలస్యమైంది. పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి డేటా మార్చే ముందు లెక్కలు సరిపోలేదు, వాయిదా వేద్దామన్నది నేనే. అందరూ నన్నే తిట్టారు. దాని గురించి అడిగితే ఏం చెప్పాలి? తెలుగు మీడియంలో చదివాను, ఇంగ్లిష్ తడబడుతుంది. రాత్రి ఒంటిగంట దాకా పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్) పుస్తకం చదువుతున్నా బుర్రకెక్కడం లేదు. మావారేమో ‘ఉన్నది చాలదా, ఇప్పుడెందుకీ తలనొప్పి’ అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరంలో బాగా జరిగిన రెండు ప్రాజెక్టులనూ టీమ్ ఖాతాలో వేశారు. ఆలస్యమైన ఒక్కదాన్ని మాత్రం మీ ఖాతాలో రాసుకున్నారు. చిక్కంతా అక్కడే ఉందమ్మా. ఆ రోజు ఇంటర్వ్యూలో నోట మాట రాకపోవడానికి కారణం మీకు పని తెలియకపోవడం కాదు. చేసిన పనిలో మీ వాటా ఎంతో ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. చాలామంది ఆడవాళ్లలో ఈ అలవాటు చూస్తుంటాను. ఇంట్లో అది సర్దుబాటుగా చెల్లిపోతుంది కానీ, ఇంటర్వ్యూలో మీరు చెప్పకపోతే మీ తరఫున చెప్పేవాళ్లెవరూ ఉండరు.

మీరు భయపడుతున్న ఆ మూడో ప్రాజెక్టే నా దృష్టిలో మీకున్న అన్నిటికన్నా మంచి జవాబు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు తన ఖాతాలన్నిటినీ కొత్త సిస్టమ్‌కి మార్చింది. డేటా చేరింది కానీ సిస్టమ్ తట్టుకోలేకపోయింది. లక్షల మంది తమ ఖాతాలు తెరవలేక రోజుల తరబడి అల్లాడారు. ఆ ఏడాది సెప్టెంబరులో సీఈఓ పదవి వదులుకున్నారు. 2022లో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకి 4.8 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. నిజంగా సిద్ధంగా ఉన్నామా అని పైవాళ్లు గట్టిగా నిలదీసి అడగలేదని తర్వాతి విచారణలో తేలింది. మీరు ఆ ప్రశ్న అడిగారు, తిట్లు తిన్నారు, మూడు వారాలు ఆగేలా చేశారు. సీనియర్ మేనేజర్ నుంచి ఎవరైనా కోరుకునేది అదే.

అయితే ‘నేను ఆపాను’ అని ఊరుకుంటే సరిపోదు. ఒక నోట్‌బుక్ తీసుకుని గుర్తున్నంతా రాయండి. తేడా ఎన్ని ఖాతాల్లో వచ్చింది, ఎంత మొత్తం? అది ఎవరు పట్టుకున్నారు? వాయిదా కాకుండా ఇంకేం చేయొచ్చని చర్చించారు? క్లయింట్‌కి ఫోన్ చేసింది మీరేనా, మొదటి మాట ఏమన్నారు? ఆగినందుకు అదనపు ఖర్చెంత? చివరికి గో-లైవ్, అంటే కొత్త సిస్టమ్ వాడకంలోకి రావడం, ఎలా జరిగింది? ఇవన్నీ అయ్యాక మీకు నొప్పి కలిగించే ప్రశ్న ఒకటి తప్పక వస్తుంది. ‘ఆ తేడా ముందే ఎందుకు పట్టుకోలేదు?’ అంటారు. దానికి నిజాయితీగా జవాబు ఆలోచించి పెట్టుకోండి. డేటా మార్చి చూసే రిహార్సల్ ఇంకా ముందు పెట్టాల్సిందేమో, లెక్కలు సరిచూసే పని ఒక్కరి మీదే వదిలేశారేమో. నేర్చుకున్నది ఇదీ అని చెప్పడానికి సిగ్గుపడొద్దు, దాని కోసం క్షమాపణలూ చెప్పొద్దు.

ఇలాగే మరో నాలుగైదు సంఘటనలు రాసుకోండి. మాట వినని వెండర్, మధ్యలో మానేసిన కీలకమైన ఉద్యోగి, రోజుకో కొత్త కోరిక కోరే క్లయింట్, మీ పైఅధికారితో వచ్చిన అభిప్రాయభేదం. మేనేజర్ ఉద్యోగానికి ‘పని ఎలా పూర్తి చేస్తారు?’ అని అడుగుతారు. సీనియర్ అనేసరికి ‘అన్నీ కుదరనప్పుడు ఏది వదులుకుంటారు, ఆ మాట ఎవరికి ఎలా చెబుతారు?’ అని అడుగుతారు. ప్రతి సంఘటనలోనూ మీరు తీసుకున్న నిర్ణయం ఎక్కడుందో వెతకండి.

పీఎంపీ పుస్తకం ఈ రెండు వారాలూ పక్కన పెట్టేయండి. ఆ సర్టిఫికెట్‌కి 35 గంటల శిక్షణ ఉండాలి, అనుభవం చూపించి దరఖాస్తు చేసుకోవాలి, ఆ తర్వాతే పరీక్ష. అది తర్వాత తీరిగ్గా చేసుకునే పని. బడ్జెట్ లెక్కలు మాత్రం చేతిలో ఉండాలి. కోటి రూపాయల ప్రాజెక్టు అనుకోండి. ఈపాటికి 50 లక్షల విలువైన పని అవ్వాలి, 40 లక్షలదే అయింది, ఖర్చు మాత్రం 50 లక్షలూ అయిపోయింది. అంటే పెట్టిన ప్రతి రూపాయికీ 80 పైసల పనే జరిగింది. ఇదే తీరున సాగితే కోటి కాస్తా కోటీ పాతిక లక్షలవుతుంది. దీన్ని మీ సొంత మాటల్లో చెప్పి, అప్పుడు మీరేం చేస్తారో కూడా చెప్పగలిగితే చాలు. సూత్రాలు వల్లెవేయక్కర్లేదు.

ఆ రెండేళ్ల గ్యాప్‌కి రెండు వాక్యాలు చాలు. ‘ఇంట్లో పెద్దావిడకి పక్షవాతం వస్తే చూసుకున్నాను. తర్వాత తిరిగి చేరి ఈ ప్రాజెక్టులు చేశాను’ అని పనిలోకి వచ్చేయండి. అది నేరం కాదు, సంజాయిషీ ఇచ్చుకోవద్దు.

ఇక ఇంగ్లిష్. ముందు ఆ సంఘటనని తెలుగులో మీవారికి చెప్పినట్టు చెప్పండి. నిజంగానే ఆయన్ని కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆయనకి ఐటీ తెలియకపోతే మరీ మంచిది, ఆయనకి అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది. తర్వాత అదే విషయం చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో ఫోన్‌లో రికార్డు చేసి వినండి. యాస గురించి పట్టించుకోకండి. ఎక్కడ వాక్యం సగంలో ఆగిపోతోందో అక్కడ మాత్రం దిద్దుకోండి.

మీవారికి చెప్పమనడంలో నాకు ఇంకో ఉద్దేశం ఉంది. మీరు ఆఫీసులో ఏం చేస్తారో, ఎన్ని కోట్ల పని మీ మాట మీద ఆగిందో ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. ‘ఉన్నది చాలదా’ అన్న మాటలో మీ మీద చిన్నచూపు ఉందని నేను అనుకోను. అత్తగారి జబ్బుతో ఇల్లంతా ఎంత నలిగిందో ఆయనా చూశారు, మళ్లీ అలా అవుతుందన్న బెంగ కావచ్చు. ఆ బెంగ ఓదార్పుతో పోదు, వివరాలతో పోతుంది. ఆఫీసుకి వారంలో ఎన్ని రోజులు వెళ్లాలి, అమెరికా కాల్స్ ఉంటాయా? న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నరకి మీటింగ్ అంటే మనకి చలికాలంలో రాత్రి 8, వేసవిలో 7. ఆ టైమ్‌లో పిల్లలుంటే వాళ్ల అన్నాలు, చదువులు ఎవరు చూస్తారు? వంటకి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుంది? ఇవి ఆఫర్ వచ్చాక కాదు, ఈ ఆదివారమే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఇంటిపని అంతా మీ ఒక్కరిదే అన్నట్టు మాత్రం మొదలుపెట్టకండి.

నిద్ర సంగతి. రాత్రి పదిన్నర తర్వాత ఇంటర్వ్యూ మాటే వద్దు. చదవాలనిపిస్తే పొద్దున్నే ఓ గంట చాలు. ఇంటర్వ్యూ అయిపోయాక కూడా నిద్ర పట్టకపోయినా, గుండెదడ తగ్గకపోయినా సైకాలజిస్టుని కలవండి. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు.

చివర్లో వాళ్లు ‘మీకేమైనా ప్రశ్నలున్నాయా?’ అంటారు. లేవని చెప్పి లేచి రావద్దు. ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా, ప్రాజెక్టు ఇప్పుడు ఏ దశలో ఉంది, మొదటి మూడు నెలల్లో నా నుంచి ఏం ఆశిస్తున్నారు అని అడగండి. కాల్స్ టైమింగ్ కూడా అక్కడే అడిగి తెలుసుకోండి. వాళ్లు మిమ్మల్ని చూస్తున్నట్టే, ఆ ఉద్యోగం మీ ఇంటికి సరిపడుతుందో లేదో మీరూ చూడాలి కదా.