మోటారు ఎలా పాడైందో ముందు తెలుసుకో

తమ్ముడూ,

నీ కథ చదివాను. బోరు మోటారు చుట్టూ తండ్రీకొడుకుల గొడవ అల్లడం, దాన్ని మన చీపురుపల్లి వైపు పల్లెలో నడపడం నాకు చాలా నచ్చింది. కానీ మోటారు పాడైన చోటుకి వచ్చేసరికి నీ తెలుగు మారిపోతోంది. 'మోటారు తన చివరి కాళ్ళ మీద ఉంది' అన్నావు, రెండు పేజీల తర్వాత 'ఆత్మను వదిలేసింది' అన్నావు. రెండూ ఇంగ్లీషు నుడికారాలకి మక్కికి మక్కి. నువ్వు ఇంగ్లీషు బాగా చదువుతావని తెలుసు, చదవాలి కూడా. అయితే ఆ పొలం గట్టు మీద నిలబడ్డ ఎవరి నోటా ఆ మాటలు రావు.

ఇంగ్లీషులో ఇలాంటి మాటలు ఎవరి నోటి నుంచి వచ్చాయో చూడు. హేవైర్ అంటే ఎండుగడ్డి మోపులు కట్టే తీగ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా అడవుల్లో దుంగలు కొట్టే క్యాంపుల్లో, విరిగిన ప్రతి సామానూ ఆ తీగతోనే కట్టి ఎలాగోలా నెట్టుకొచ్చే క్యాంపుని హేవైర్ అవుట్‌ఫిట్ అనేవారు, అక్కణ్ణుంచే ఏదైనా అదుపు తప్పి చెడిపోతే 'గాన్ హేవైర్' అనడం వచ్చింది. ఇంజిను 'కాంక్ అవుట్' అయిందనే మాట మొదటి ప్రపంచ యుద్ధం నాటి పైలట్ల మధ్య బాగా నలిగింది. గాల్లో ఇంజిను ఆగితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు మరి. ఓడ స్తంభం తుఫానులో విరిగితే దొరికిన దుంగతో అప్పటికి నిలబెట్టుకునే స్తంభాన్ని నావికులు 1600ల నుంచే జ్యూరీ మాస్ట్ అంటున్నారు, దొరికినదానితో తాత్కాలికంగా అమర్చుకోవడాన్ని చెప్పే జ్యూరీ రిగ్ అనేది ఆ కుటుంబంలోదే. నువ్వు దింపుకొచ్చిన 'గివ్ అప్ ది ఘోస్ట్' 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో మనుషుల చావుకి వాడిన మాట, యంత్రాలకి తర్వాత వచ్చింది. అది తప్ప మిగతావన్నీ ఆ వస్తువుతో బతికినవాళ్ళ మాటలు.

నీ కథకి కావలసినవాళ్ళు విజయనగరంలోనే ఉన్నారు. ఏదైనా మోటారు వైండింగ్ షాపులో ఒక పూట కూర్చో. రైతు మోటారు దింపగానే మెకానిక్ మూత విప్పి ముందు వాసన చూస్తాడు, కాలిన వార్నిష్ వాసన వస్తే ఇంక అడగక్కర్లేదు, "కాయిలు కాలిపోనాది బావూ" అంటాడు. ఎందుకు కాలిందో కూడా అడుగు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు తిరగలేక గూంమని మూలుగుతుంది, స్టార్టర్ సమయానికి కట్ చేయకపోతే వేడెక్కి కాయిలు మాడిపోతుంది. అంటే ఆ మూలుగు వినపడినప్పుడు ఎవరైనా పరిగెత్తి ఆపేసి ఉంటే సరిపోయేది! నీ కథలో ఆ రాత్రి కొడుకు షెడ్డు దగ్గరే ఉన్నాడు కదా, ఫోన్ చూసుకుంటూ. తండ్రి కోపానికి అసలు కారణం అక్కడే ఉంది, నువ్వు దాన్ని వదిలేసి 'ఆత్మ' దగ్గరికి వెళ్ళిపోయావు. ఆ తర్వాత బోరులోంచి పైపులు ఒక్కొక్కటే విప్పుతూ మోటారుని పైకి తీయాలి, దానికి మనుషులు కావాలి, కూలి ఇవ్వాలి, కాయిలు మళ్ళీ చుట్టడానికి రాగి తీగ ఖర్చు వేరే. ఇదంతా ఆ తండ్రి మనసులో లెక్కగా తిరుగుతుంటే చదివేవాడికి టెన్షన్ అదే వస్తుంది.

పేపర్లలో వచ్చే 'మొరాయించింది', 'పడకేసింది', 'అటకెక్కింది' కూడా చూసి వాడు. మొరాయించడం కదలనని మొండికేసిన ఎద్దుకి వాడే మాట, పొద్దున్నే స్టార్ట్ కాని బండికి సరిగ్గా సరిపోతుంది. కాయిలు కాలిన మోటారుకి సరిపోదు. బండి ఇంజిన్‌లో ఆయిల్ లేక పిస్టన్ బిగుసుకుపోతే 'ఇంజిన్ పట్టేసింది' అంటారు. బొబ్బిలి వీణకైతే తీగలు బిగించే బిరడాలు జారతాయి, మెట్లు అరుగుతాయి, మెట్లని పట్టుకునే మైనం పాడైతే మొత్తం 24 మెట్లూ సరిచేసి మళ్ళీ కూర్చాలి, దాన్నే మేళం కట్టడం అంటారు. ప్రతి వస్తువూ చెడిపోయే తీరు వేరు.

ఇంకో సంగతి. పాడవడం వేరు, ఆగిపోవడం వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు బాగానే ఉన్నాయి, నీళ్ళు మాత్రం రాలేదు. అలాంటి చోట 'మోటారు చెడిపోయింది' అని రాస్తే కథే తప్పయిపోతుంది, ఎందుకంటే అక్కడ రైతు ఎదురుచూసేది మెకానిక్ కోసం కాదు, లైన్‌మాన్ కోసం.

అలాగని ఇంగ్లీషు మాటలన్నీ తీసేయమని నేను అనను. కొడుకు ఇంజనీరింగ్ చదివినవాడు, వాడు 'సిస్టమ్ హ్యాంగ్ అయింది' అంటే అలాగే ఉంచు, వాడి భాష అదే.

వీలైతే శ్రీకాకుళం వెళ్ళి కథానిలయంలో ఓ రోజు గడుపు. కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన ఆ చోట మన పాత పత్రికలు, కథలు దొరుకుతాయి. నీకంటే ముందువాళ్ళు పల్లెలో పని గురించి ఎలా రాశారో అక్కడ చదువుకోవచ్చు.

ముందు మోటారు పైకి తీసే సీను ఒక్కటీ మళ్ళీ రాసి పంపు. మిగతా కథ ఇప్పుడే ముట్టుకోకు. ఆ సీనులో తండ్రి కొడుకుతో ఒక్క మాటా అనకపోయినా ఫర్వాలేదు, కానీ పైపులు పట్టుకోడానికి కొడుకుని పిలుస్తాడా, పక్క పొలం వాళ్ళని పిలుస్తాడా అన్నది మాత్రం తేల్చు.

ఉంటాను,
మీ అన్నయ్య