మన్నూ మనిషీ, నరుడూ నారీ

ప్రశ్న: అయ్యవారికి నమస్కారం. ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు చెప్తుంటాను. మొన్న ఆదికాండం మొదలుపెడితే ఒక పిల్లాడు లేచి, "సూర్యుణ్ణి నాలుగో రోజు చేస్తే, మొదటి మూడు రోజులూ ఎట్లా తెల్లారింది టీచర్?" అన్నాడు. ఇంకో పాప, "ఒకటో అధ్యాయంలో జంతువుల తర్వాత మనిషి. రెండో దాంట్లో మనిషే ముందు. ఏది కరెక్టు?" అంది. వచ్చే వారం చెప్తానని తప్పించుకున్నాను.
— ఒక సోదరి, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు ఆ పిల్లలిద్దరికీ నా లెక్కలో చెరొక మలైకాజా కొనిపెట్టు. పిల్లాడి ప్రశ్న కొత్తదేం కాదు. మూడో శతాబ్దంలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడూ ఇదే అడిగాడు.

ఒకటో అధ్యాయం కట్టిన పాట. "అస్తమయమును ఉదయమును కలుగగా" అని ఆరుసార్లు పల్లవి వస్తుంది. మొదటి మూడు రోజుల్లో చోట్లు ఏర్పడతాయి: వెలుగూ చీకటీ, ఆకాశమూ నీళ్లూ, ఆరిన నేల. తర్వాతి మూడు రోజుల్లో అవే వరసలో నిండుతాయి. ఒకటికి జోడీ నాలుగు, అందుకే జ్యోతులు అక్కడికొచ్చాయి. సూర్యుడి పేరు కూడా ఎత్తడు చూడు, "పెద్ద జ్యోతి" అంటాడంతే. బబులోనువాళ్లు షమష్ అని సూర్యుణ్ణి కొలిచేవాళ్లు. ఈ కథలు మొదట రాసిన హెబ్రీ భాషలో సూర్యుడికి మాట షెమెష్. పక్కింటివాళ్ల దేవుణ్ణి ఈ కవి దీపం చేసి గూట్లో పెట్టాడు!

రెండో అధ్యాయం నాలుగో వచనం నుంచి గొంతు మారుతుంది. "దేవుడు" పోయి "దేవుడైన యెహోవా" వస్తాడు. ఈ తేడా పట్టుకుని 1753లో జాన్ ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు పుస్తకమే వేశాడు. ఇవి రెండు వేరు కథనాలని ఎక్కువమంది పండితుల మాట. ఆరో రోజు సంగతినే రెండో అధ్యాయంలో విడమరచి చెప్పారనేవాళ్లూ ఉన్నారు. ఆ సర్దుబాటు నాకు అతుకులాగే కనిపిస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టినవాళ్లకు ఈ తేడా కనపడకుండా ఉంటుందా? దిద్దకుండానే ఉంచారు.

నాకైతే రెండోదే ఇష్టం. మాది ఉదయగిరి వైపు మెట్ట. ఆ కథ మొదలే వాన లేదు, నేల దున్నే మనిషి లేడు అని. వాన రాని ఏడు మా నాయన మడక మూలన పెట్టి, చేలో గుప్పెడు ఎర్రమన్ను తీసి నలుపుతా కూర్చునేవాడు. హెబ్రీలో నేల అదామా, అందులోంచి తీసినవాడు ఆదాము. "నేలమంటితో నరుని" అన్న మన అనువాదంలో ఆ జోడీ జారిపోయింది. మన్ను, మనిషి అని ఉంటే చెవికి తగిలేది. అయితే ఇంకొంచెం కిందికి వెళ్తే, హెబ్రీలో ఈష్ (మగమనిషి), ఇష్షా (ఆడమనిషి) అన్నచోట "నరునిలో నుండి తీయబడెను గనుక నారి" అన్నారు. భేష్! తెలుగు అయ్యవారిగా పని చేసి రిటైరైనవాణ్ణి, అక్కడ దణ్ణం పెట్టాల్సిందే.

వచ్చే ఆదివారం మొదటి అధ్యాయం అందరిచేతా కలిపి చదివించు, పల్లవి గట్టిగా అనమను. రెండోది ఆ పాప ఒక్కతే, కథ చెప్పినట్టు చదవాలి. "నారి" దగ్గర కాస్త ఆగమని చెప్పు.