చివరి పేజీలోని చిమ్మట

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఇక అసలు సంగతి.

సోషల్ మీడియాతో నేర్చుకోవడం ఎలా అని పేరు పెట్టి, ఫేస్‌బుక్ దేనికి, ఇన్‌స్టాగ్రామ్ దేనికి, లింక్డ్‌ఇన్ దేనికి అంటూ ఒక్కోదానికి ఒక్కో పేరా రాశావు. రోజుకు ఎన్ని పోస్టులు పెట్టాలి, మొదటి లైను ఎలా ఉంటే జనం ఆగుతారు, ఏ టైంకి పెడితే లైకులు ఎక్కువొస్తాయి, అన్నీ ఉన్నాయి. చదువుతున్నకొద్దీ చిరాకు పెరిగింది. తీరా చివరి పేజీకి వస్తే అక్కడ ఒక్క వాక్యం. మొక్కలు, పురుగుల ఫొటోలు పెట్టి వాటి పేర్లు తెలుసుకునే ఐనాచురలిస్ట్ అనే వేదికలో సీతాకోకచిలుక అనుకుని నువ్వు పెట్టిన ఫొటో కింద, ముక్కూ మొహం తెలియని ఎవరో "ఇది చిమ్మట, మీసాలు చూడండి" అని రాశారట. అది చెప్పి, మళ్లీ ఫాలోవర్ల దగ్గరికి వెళ్లిపోయావు.

నీ వ్యాసం ఆ వాక్యమే. మిగతాదంతా తీసెయ్.

ఆ మనిషి నీకు పేరు చెప్పి ఊరుకోలేదు, ఎక్కడ చూడాలో చూపించారు. సీతాకోకచిలుక మీసాల కొసలు గుండుసూది తలలా ఉబ్బి ఉంటాయి. చిమ్మటలకు చాలావరకు సన్నగా దారంలాగో, ఈకలాగో ఉంటాయి. ఇక నువ్వు జన్మలో పొరబడవు. ఆ వేదిక నడిచే తీరే అది. 2008లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు కొందరు చదువులో భాగంగా మొదలుపెట్టారు. నువ్వొక్కదానివే పేరు పెడితే సరిపోదు. గుర్తుపట్టినవాళ్లలో మూడింట రెండొంతులకు పైగా ఒకే పేరు ఒప్పుకుంటేనే నీ ఫొటో పరిశోధనకు పనికొచ్చే స్థాయికి చేరుతుంది. అంటే నలుగురి మధ్యా పొరబడి, నలుగురి చేతా దిద్దించుకునే ఏర్పాటు. దీనికి ఒక వాక్యం, లైకులకు మూడు పేజీలా?

నేను ఎవరు అడిగినా ఇదే చెబుతాను: తెలియనిది బయటపెట్టు. తెలిసింది పోస్టు చేస్తే చప్పట్లు వస్తాయి, తెలియనిది అడిగితే చదువు వస్తుంది. చిన్నతనం అనుకుంటున్నావేమో. 2009 జనవరిలో గణిత శాస్త్రవేత్త టిమతీ గోవర్స్ ఒక చిక్కు సమస్యను నెట్‌లో అందరి ముందూ పెట్టి, సగం ఆలోచనైనా సరే, తోచింది తోచినట్టు రాయమన్నాడు. అప్పటికే గణితంలో అతి పెద్ద గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్నవాడు. ప్రొఫెసర్లతో పాటు ఒక హైస్కూల్ టీచరు కూడా అందులో పాల్గొన్నాడు. కొన్ని వారాల్లోనే దారి దొరికింది. ఫలితం పాలిమత్ అనే ఉమ్మడి పేరుతో అచ్చయింది.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో అడగడానికి మనుషులే లేరు. కథ పంపితే తిరుగు కవరులో వెనక్కొచ్చేది. ఎందుకు బాలేదో ఒక్క ముక్క ఉండేది కాదు. ఒక సంపాదకుడి ఆఫీసుకు వెళ్లి కారణం అడిగితే, తల కూడా ఎత్తకుండా తీరిక లేదన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పుస్తకాలు అచ్చయ్యాక, బాగా పెద్దవాడినయ్యాక, ఒక చిన్న గ్రూపులో నా కథ పెట్టి "ఈ ముగింపు ఎందుకు కుదరడం లేదు?" అని అడిగాను. నైట్ డ్యూటీలో ఉన్న ఒక నర్సు చదివి, "మీ కథ రెండు పేరాల ముందే అయిపోయిందండీ" అని రాసింది. నిజమే. ఇన్నేళ్లలో ఏ సంపాదకుడూ నాకంత మేలు చెయ్యలేదు. ఇప్పటి సంపాదకులది ఇంకో జబ్బు, ఏది పంపినా "పది చిట్కాలుగా మార్చండి" అంటారు. నీ వ్యాసం ఇలా తయారవడంలో వాళ్ల పాపం చాలా ఉంది.

ఎవర్ని ఫాలో అవ్వాలి అని అడిగావు. నీ స్నేహితుల్లో ఎవరికీ తెలియనివాళ్లని. మార్క్ గ్రానోవెట్టర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉద్యోగం మారినవాళ్లను వాకబు చేసి 1973లో ఒక వ్యాసం రాశాడు. పరిచయాల ద్వారా పని దొరికినవాళ్లలో ఎక్కువమందికి ఆ కబురు చెప్పింది ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లే. రోజూ కలిసేవాళ్లకు తెలిసింది మనకు ముందే తెలిసి ఉంటుంది కదా.

అడగడం కూడా ఒక పనే. ముందు వెతుకు. ఏం ప్రయత్నించావో, ఎక్కడ ఆగిపోయావో రాయి. జవాబు వచ్చాక, అది పనిచేసిందో లేదో మళ్లీ వచ్చి అక్కడే చెప్పు. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. రేపు అదే సందేహంతో ఇంకొకరు వస్తారు, వాళ్లకు దారి నువ్వు రాసిన ఆ చివరి ముక్కే. మంచి జవాబుల్ని నీ దగ్గర విడిగా దాచుకో. 2015కి ముందు జనం ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని, ఒకప్పుడు వెలిగిన సోషల్ మీడియా సైటు మైస్పేస్ 2019లో చెప్పింది. ఏ వేదికా శాశ్వతం కాదు.

వ్యాసం తిరగరాసి పంపు. ఆ ఫొటో, దాని కింది జవాబు ఉన్నదున్నట్టు పెట్టు. పెట్టేముందు ఆ మనిషికి మెసేజ్ చేసి అనుమతి అడుగు. పనిలో పనిగా, చిమ్మటల్ని గుర్తుపట్టడం తనకు ఎవరు నేర్పారో కూడా అడుగు.

ఆశీస్సులతో.