గ్రాంటు సంస్థకే వస్తుంది, అడిగే హక్కు మాత్రం మీకూ ఉంది

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా అబ్బాయికి 22 ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 75 శాతం అని ఉంది. మావారు పోయి ఏడేళ్లయింది. మిషను కుట్టి నెట్టుకొస్తున్నాను. ఓ స్వచ్ఛంద సంస్థ నడిపే డే కేర్ సెంటరుకు వాణ్ని ఆరేళ్లుగా పంపుతున్నాను. చొక్కా గుండీలు పెట్టుకోవడం, పేపరు కవర్లు అంటించడం అక్కడే నేర్చుకున్నాడు. ఇప్పుడు ప్రభుత్వ గ్రాంటు ఆగిపోయిందని, నెలకు 3,000 కట్టకపోతే వ్యాను రాదని అంటున్నారు. ఆఫీసుకెళ్లి అడిగితే ‘అది మాకూ సంస్థకూ మధ్య విషయం, నీకేం సంబంధమమ్మా’ అన్నారు. నిజంగానే నాకు సంబంధం లేదా?

జవాబు: ఉందమ్మా. మీ అబ్బాయికి ఇంకా ఎక్కువ ఉంది. గ్రాంటు పడేది సంస్థ ఖాతాలోనే కావచ్చు, కానీ అది మీవాడిలాంటి వాళ్ల పేరు చెప్పి ఇచ్చే డబ్బు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ చదవండి. వైకల్యం ఉన్నవాళ్లు నలుగురి మధ్య బతకడానికి కావలసిన సేవలు అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలని అందులో ఉంది. 24వ సెక్షన్ ఇంకాస్త విడమరిచి చెబుతుంది. పెన్షన్, బీమా, కమ్యూనిటీ కేంద్రాలు, ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్లను చూసుకునే వ్యక్తికి భత్యం, వీటికి పథకాలు పెట్టాలంటుంది. రిజిస్టరైన సంస్థలకు ప్రభుత్వం ఆర్థిక సాయం చేయవచ్చని 54వ సెక్షన్.

ఇక్కడో మెలిక ఉంది, దాచను. 24లోనూ 54లోనూ ‘ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి’ అనే మాట ఉంది. మన రాజ్యాంగం 41వ అధికరణంలోని మాటే ఇది. అక్కణ్ణుంచి ఎత్తి చట్టంలో పెట్టారు. డబ్బుల్లేవని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ప్రభుత్వ వకీళ్లు దీన్నే బయటికి తీస్తారు. కొత్త సెంటరు తెరవమని మీరు కోర్టుకెళితే ఈ మాట గట్టిగానే అడ్డం పడుతుంది. మీ సంగతి వేరు. పథకం ఉంది, సెంటరు నడుస్తోంది, ఇన్నాళ్లూ డబ్బు వచ్చింది, ఏదో టేబుల్ దగ్గర ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పకుండా ‘స్తోమత లేదు’ అంటే చెల్లదని నా అభిప్రాయం.

కాబట్టి ముందు తెలుసుకోవలసింది అది ఏ గ్రాంటు అన్నది. సెంటరు వాళ్లను సూటిగా అడగండి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే దీన్‌దయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం డబ్బా, బుద్ధిమాంద్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ల ‘వికాస్’ డే కేర్ డబ్బా, రాష్ట్రానిదా? పేరు తెలిస్తే గానీ ఆ 3,000 అడగొచ్చో లేదో చెప్పలేం. తప్పనిసరై కట్టాల్సి వస్తే రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

తర్వాత సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. జిల్లా ఆఫీసులో ఫీజు 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు జిరాక్సు జతచేస్తే అదీ అక్కర్లేదు. మూడే ప్రశ్నలు రాయండి: ఈ సంస్థకు గత మూడేళ్లలో ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, మిగతాది ఏ కారణంతో ఏ తేదీ నుంచి ఆగింది. ‘ఎందుకిలా చేశారు’ అని మాత్రం రాయకండి. అది సమాచారం కాదు, వాదన అని తిప్పి పంపేస్తారు. జవాబుకు గడువు 30 రోజులు.

ఈ మూడో ప్రశ్న ఎందుకంటే, నా దగ్గరికొచ్చిన ఓ కేసులో తల్లిదండ్రులు ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగారు. సంస్థవాళ్లేమో ప్రభుత్వం ఇవ్వట్లేదన్నారు, ఆఫీసేమో సంస్థ లెక్కలు ఇవ్వట్లేదంది. కాగితాలు బయటికొచ్చాక చూస్తే, లెక్కలిచ్చారు, తనిఖీ కూడా జరిగింది. తనిఖీ నివేదిక రెండో పేజీలో సంతకం లేదు. అంతే. ఆ ఫైలు కదలడానికి ఒక పెన్ను చాలింది.

కారణం చేతికొచ్చాక రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు రాయండి. దివ్యాంగుల హక్కుల చట్టం 80వ సెక్షన్ ప్రకారం దివ్యాంగుల కోసం రాష్ట్రం విడుదల చేసిన నిధులు సరిగా ఖర్చవుతున్నాయా లేదా చూడటం ఆయన పని. కేంద్రం డబ్బయితే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు 75వ సెక్షన్ కింద అదే బాధ్యత. వాళ్లకు సివిల్ కోర్టులాగా అధికారులను పిలిపించే, ఫైళ్లు తెప్పించే అధికారం ఉంది. కాకపోతే చివరికి ఇచ్చేది సిఫార్సే, కోర్టు తీర్పులాంటి డిక్రీ కాదు. ఆ సిఫార్సుపై ఏం చేశారో అధికారులు మూడు నెలల్లో చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణం రాసి మీకూ తెలియజేయాలి. అప్పటికీ కదలకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్. మీరొక్కరే కాకుండా, అదే వ్యానెక్కే మరో పదిమంది పిల్లల తల్లిదండ్రులతో కలిసి వేస్తే బరువుంటుంది. సంస్థ తనంతట తాను వేయదు. రేపు మళ్లీ అదే అధికారి దగ్గరికి వెళ్లాలని భయం.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ న్యాయసేవల ఆఫీసు ఉంటుంది.

ఇదంతా జరగడానికి నెలలు పడుతుంది. ఈలోగా మీవాడి పేరు మీద నేరుగా రావలసినవి వస్తున్నాయా? 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పెన్షన్ 6,000. నేషనల్ ట్రస్ట్ వాళ్ల ‘నిరామయ’ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీల ఖర్చు వస్తుంది. చేరే ముందు పరీక్షలేవీ అడగరు. చూసుకునేవాళ్లకు భత్యం అన్నానే, కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పేరుతో తల్లుల్లాంటి సంరక్షకులకే ఇస్తున్నారు. మీరు కూడా దివ్యాంగుల హక్కుల చట్టం 38వ సెక్షన్ కింద, మా అబ్బాయికి ఎక్కువ ఆసరా అవసరం అని దరఖాస్తు పెట్టి ఉంచండి. వెంటనే డబ్బొస్తుందని చెప్పను, అడిగినట్టు కాగితం మిగులుతుంది.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చెప్పాలి. వాడికి 18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో మీరు వాడి గార్డియన్ కారు. కన్నతల్లినే కదా అంటే బ్యాంకులో కుదరదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం 14వ సెక్షన్ కింద, కలెక్టరు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకుంటే గార్డియన్‌గా నియమిస్తారు. కోర్టుకెళ్లక్కర్లేదు. నియమించాక ఆరు నెలల్లో వాడి ఆస్తి, వాడికి రావలసినవి రాసి ఇవ్వాలి. పాస్‌బుక్కులో ఉన్న 4,000 అయినా సరే రాయండి. మీ తర్వాత ఎవరన్నది, తమ్ముడో మేనకోడలో, ఇప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి.

సదరం సర్టిఫికెట్ అసలు కాపీ మాత్రం ఏ ఆఫీసులోనూ వదలకండి. ఎవరడిగినా చూపించి, జిరాక్సు ఇచ్చి, అసలుది సంచిలో పెట్టుకుని రండి.