ట్యాంకులు బతికున్నా ఆట ఓడిపోతుంటే
వార్‌హామర్ 40,000లో (బొమ్మ సైన్యాలతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట) ట్యాంకులు బతికున్నా ఎందుకు ఓడిపోతున్నానని అడిగారు కదా. మీ లిస్టులో, అంటే మీరు ఎంచుకున్న సైన్యంలో, తుపాకులకు కొదవ లేదు, మార్కర్ల (పట్టుకుంటే స్కోరు వచ్చే గుర్తుల) మీద నిలబడేవాళ్లే తక్కువ. సైన్యం కొనడానికి ఉన్న 2000 పాయింట్లలో మూడు ల్యాండ్ రైడర్ ట్యాంకులు పెడితే ఇంకెవరికి చోటుంటుంది? వార్‌హామర్ 40,000 10వ ఎడిషన్‌లో మార్కర్లు పట్టుకోవడమే ముందు, ఎంతమందిని చంపారన్నది తర్వాతి మాట.

అందరూ చూడకుండా వదిలేసేది డేటాషీట్‌లోని (ఒక్కో దళం వివరాలుండే కార్డు) ఓసీ గడి, అంటే మార్కర్‌ని పట్టుకునే బలం. ల్యాండ్ రైడర్‌కి అది 5. ఇంటర్‌సెసర్లనే కాలి సైనికులకు తలా 2, ఐదుగురికి 10. వాళ్లు మార్కర్‌కి 3 అంగుళాల లోపు చేరితే, అంత ట్యాంకు పక్కనే ఉన్నా మార్కర్ వాళ్లదే (బ్యాటిల్‌షాక్ తగిలితే, అంటే దళం బెదిరిపోతే మాత్రం ఓసీ సున్నా).

1. మనసొప్పకపోయినా ఒక ల్యాండ్ రైడర్ తీసేయండి.
2. బదులుగా రెండు ఇంటర్‌సెసర్ స్క్వాడ్లు: ఒకటి మీ వైపు మార్కర్ మీద, రెండోది గోడ చాటున మధ్య మార్కర్‌కి దగ్గర్లో.
3. పాయింట్లు మిగిలితే స్కౌట్లు (ఇంకో రకం కాలి సైనికులు).