పాఠకుల ప్రశ్నలు: కోరస్ తీసేసి ట్రాజెడీ ఆడవచ్చా?

ప్రశ్న: మా కాలేజీ నాటక బృందం గ్రీకు కవి సోఫోక్లీస్ ‘యాంటిగొనీ’ నాటకం వేయాలనుకుంటోంది. పాత్రలు ఎనిమిది, నిలబడి నటించగలవాళ్లు ముగ్గురే. సమయం చాలదని కోరస్ (నాటకం మధ్యలో పాడి ఆడే బృందం) పాటలన్నీ కొట్టేద్దామంటున్నారు. సరేనా?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ముగ్గురు నటులు చాలు. కోరస్‌ను మాత్రం తీయకండి. ఏథెన్స్‌లో పోటీకి దిగే కవి ఆర్కన్ అనే అధికారి దగ్గరికి వెళ్లి అడిగేది కోరస్‌నే. దాని శిక్షణకు, దుస్తులకు ఒక సంపన్న పౌరుడు ఖర్చు పెట్టేవాడు. సోఫోక్లీస్ 12 మంది కోరస్‌ను 15కు పెంచాడు, మూడో నటుణ్నీ తెచ్చాడు. అంతకుముందు ఎస్కిలస్ రెండో నటుణ్ని తెచ్చాడు.

పాత్రలు ఇలా పంచుకోండి. ఒకరు రాజు క్రెయాన్ మాత్రమే. ఆయన దాదాపు నాటకమంతా ఎదుటే ఉంటాడు. రెండోవారు యాంటిగొనీ, టైరీసియస్, యూరిడిసీ. మూడోవారు ఇస్మీనీ, కావలివాడు, హేమన్, వార్తాహరుడు. ఇబ్బంది ఒక్కచోటే: కావలివాడు వెళ్లాక ఇస్మీనీ వచ్చేలోగా సుమారు 80 పంక్తులే ఉంటాయి. తెర వెనక దుస్తులు, ముసుగు సిద్ధంగా పెట్టి ఆ మార్పు ఒక్కటే విడిగా సాధన చేయండి. మిగతా మార్పుల్లో చాలావాటికి వ్యవధి ఇచ్చేవి కోరస్ పాటలే. అవి తీసేస్తే ముగ్గురితో నాటకం నడవదు.

పాటలో ఒక చరణం, వెంటనే సరిగ్గా అదే ఛందస్సులో ప్రతిచరణం వస్తాయి. తెలుగు చేసేటప్పుడు చాలామంది అర్థం చూసుకుని మాత్రలు వదిలేస్తారు. అప్పుడు ఒకే బాణీ రెండింటికీ అతకదు, రెండోసారి గొంతులు చెదిరిపోతాయి. ముందు గతి కుదిర్చి తర్వాత మాటలు పెట్టండి. పదిహేను మంది దొరకకపోతే తొమ్మిది మంది, మూడు వరసలు. వాద్యానికి వేణువు వద్దు. గ్రీకుల ఆలోస్ రీడ్ ఉన్న జంట గొట్టాల వాద్యం, దాని ధ్వనికి మన సన్నాయి దగ్గర.

ముసుగును మట్టి అచ్చు మీద పాత నూలు గుడ్డ, మైదా బంకతో ఐదారు పొరలు వేసి, పొర పొరా ఆరనిచ్చి చేయండి. నోరు సన్నగా కోస్తే మాట లోపలే గింగురుమంటుంది. రెండు వేళ్లు దూరేంత వెడల్పు ఉండాలి. ముసుగు వేసుకున్న నటుడు పక్కకు తిరిగి మాట్లాడితే ముఖమూ పోతుంది, మాటా పోతుంది. యాంటిగొనీ, హేమన్ చావులను రంగం మీద చూపకండి. వార్తాహరుడి మాటల్లో విన్నప్పుడే వాటికి బలం. చివర యూరిడిసీ శవాన్ని చక్రాల బల్ల మీద బయటికి తోయండి. గ్రీకులూ అలాంటి బల్లే వాడేవారు.

ప్రశ్న: ట్రాజెడీ అంటే తప్పు చేసిన నాయకుడు చచ్చిపోవడమని మా గైడులో ఉంది. నిజమేనా?
– ఎం.ఏ. విద్యార్థి, కరీంనగర్

జవాబు: కాదు. సోఫోక్లీస్ నాయకుడు ఈడిపస్ తన నాటకం చివర బతికే ఉంటాడు. ఆయనదే ‘ఫిలాక్టెటీస్’లో ఎవరూ చావరు. ఎస్కిలస్ ‘యూమెనిడీస్’ ఊరేగింపుతో ముగుస్తుంది. అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’ 13వ అధ్యాయంలో చెప్పిన నాయకుడు మరీ పుణ్యాత్ముడు కాడు, దుర్మార్గుడూ కాడు. ఒక పొరపాటు వల్ల పడిపోతాడు. ఈడిపస్ చంపింది తండ్రినని అతనికి తెలియదు. అంత శిక్షకు అతను తగడు గనక జాలి, మనలాంటివాడే గనక భయం. దుర్మార్గుడికి శాస్తి జరిగితే ఈ రెండూ పుట్టవు. పరీక్షలో ఇదే రాయండి.

ప్రశ్న: మా ఒగ్గు కథలాగే గ్రీకు నాటకమూ దేవుడి కొలుపులోంచి వచ్చిందా?
– పాఠకుడు, జనగామ

జవాబు: వచ్చింది. మీకు మల్లన్న, బీరప్ప ఎలాగో వాళ్లకు డయొనైసస్ అలాగ. ఆయన కోసం బృందంగా పాడి ఆడే డిథిరాంబ్ పాటకు ముందు నడిచే నాయకుల నుంచి ట్రాజెడీ పుట్టిందని అరిస్టాటిల్ అంటాడు. క్రీ.పూ. 534 ప్రాంతంలో థెస్పిస్ కోరస్ నుంచి విడిగా నిలబడి దానికి బదులు చెప్పే మొదటి నటుడయ్యాడని సంప్రదాయం. ఒగ్గు కథకుడికి పక్కవాళ్లు వంత పాడుతూ మధ్యలో ప్రశ్న వేయడం మీరు చూసే ఉంటారు. పని అదే, చుట్టరికం మాత్రం కలపకండి.

తేడా తర్వాత వచ్చింది. ఏటా వసంతంలో డయొనైసస్ పండుగలో ముగ్గురు కవులు పోటీపడేవారు, ఒక్కొక్కరూ మూడు ట్రాజెడీలు, ఒక సాటిర్ నాటకం (నవ్వించే పొట్టి నాటకం) ఇచ్చేవారు. కథలు ఎక్కువగా పురాణాలవే. ఏథెన్స్‌కు ఆప్తమైన మిలీటస్ పట్టణం పర్షియన్ల చేతిలో పడిపోవడాన్ని ఫ్రినికస్ నాటకంగా ఆడితే ప్రేక్షకులు ఏడ్చేశారు. సొంత దుఃఖాన్ని గుర్తుచేశాడని ఏథెన్స్ అతనికి వెయ్యి డ్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకాన్ని మళ్లీ ఆడవద్దని నిషేధించింది.